ఇంకా అవలేదుటే?

ఆవకాయ కలిపేటప్పుడు మా అమ్మ మొహం చూసినవాళ్ళు ఆ మొహాన్ని మరిచిపోలేరు. నేనూ మరిచిపోలేదు. కాకపోతే, గుర్తుండడం వేరు, చేతిలో ఫొటో ఉండడం వేరు. ఆ రెండోది నాకు లేకపోయింది. దానికి కారణం దైవమూ కాదు, దరిద్రమూ కాదు. నా చేతిలో ఉన్న మంచి కెమేరా.

2019 వేసవి. పెంటపాడులో మా పుట్టింటి పెరటి వసారా. పెద్ద పళ్ళెంలో మామిడి ముక్కలూ, ఆవపిండీ, కారం, ఉప్పూ గుట్టలుగా పోసి ఉన్నాయి. అమ్మ పీట మీద కూచుని, మోచేతుల దాకా ఎర్రటి చేతులతో కలుపుతూ, తను కాపరానికొచ్చిన కొత్తలో ఆవకాయలో ఉప్పు వెయ్యడం మరిచిపోతే మా నాయనమ్మ ఏమందో చెబుతోంది. చెబుతూ చెబుతూ తనే నవ్వేస్తోంది. నుదుటి మీద పడ్డ జుట్టుని చేత్తో తోసుకోవడానికి వీల్లేదు గనక భుజంతో తోసుకుంటోంది. వెనకనించి పెరటి ఎండ వసారా అంచుదాకా వచ్చి ఆగింది. ఎవరికైనా ఫొటో తియ్యాలనిపించే సమయం. నా పక్కనే కెమేరా ఉంది. మా పెద్దన్నయ్య కొడుకు డల్లాస్ నించి వస్తూ, "అత్తా, నువ్వు నవలలు రాస్తావు కదా, ఇంక బొమ్మలు కూడా తియ్యి" అంటూ తెచ్చిచ్చినది.

"ఒక్క నిమిషం అమ్మా, అల్లాగే ఉండు" అన్నాను.

ఆ ఒక్క నిమిషమే కొంప ముంచింది. మొదటి బొమ్మలో అమ్మ మసి పూసిన దాకలా వచ్చింది, వెనక ఎండ కదా! ఏదో చక్రం తిప్పాను. రెండోది సున్నం కొట్టిన గోడలా వచ్చింది. ఇంకేదో నొక్కితే తెర మీద మీకే భాష కావాలి అంటూ ఓ జాబితా తెరుచుకుంది. దాన్ని ఎల్లా మూయాలో తెలిస్తేగా! ఈలోగా అమ్మ కథ ఆపేసింది. చేతులు గాల్లో పెట్టుకుని, పెదాలు బిగించి, మనందరికీ తెలిసిన ఆ 'ఫొటో మొహం' పెట్టుకుని కూచుంది. కాసేపయ్యాక, "ఇంకా అవలేదుటే? చేతులు మండిపోతున్నాయి" అంది.

మొత్తం 23 బొమ్మలు తీశాను. రాత్రి కంప్యూటరులో పెట్టుకుని చూస్తే అసలు సంగతి తెలిసింది. ముందురోజు సాయంత్రం కాలువ గట్టున దీపాల బొమ్మలు తియ్యడానికని ఫోకస్ చేత్తో సరిచేసుకునే పద్ధతిలో పెట్టి, మళ్ళీ మార్చడం మరిచిపోయాను. అంచేత 23 బొమ్మల్లోనూ గోడమీది కాలెండరు బ్రహ్మాండంగా వచ్చింది. తిథీ, వర్జ్యమూ కూడా చదువుకోవచ్చు. దాని ముందు అమ్మ పొగమంచులో కూచున్నట్టుంది.

"పోనీలేవే, వచ్చే ఏడు ఆవకాయ పెట్టకపోతానా, అప్పుడు తీద్దువుగాని" అంది అమ్మ. ఆ మాఘంలోనే పోయింది.

ఇప్పుడు మా హాల్లో దండ వేసి ఉన్న ఫొటో పిన్ని కూతురి పెళ్ళిలో తీసిన గుంపులోంచి కత్తిరించి తీసినది. అమ్మకి ఎడంపక్కన ఎవరిదో ఆకుపచ్చ పట్టుచీర భుజం ముక్క మిగిలిపోయింది. అది రాజమండ్రి అత్తయ్యదా, మా పెద్దమ్మదా అన్న వాదన ఇంకా తేలలేదు. స్టూడియో అబ్బాయి వెనకాల నీలం ఆకాశం అతికించి ఇచ్చాడు. ఎవరో "కదలకండి" అంటే కదలకుండా ఉన్న మొహం అది. అమ్మదే. కాని అమ్మ కాదు.

సరే, నా ఏడుపు అల్లా ఉంచండి. ఆ తరవాత పట్టుదల వచ్చి కెమేరా గురించిన పుస్తకాలు చదివాను. వాటిమీద నాకో పెద్ద ఫిర్యాదు ఉంది. కెమేరాతో వచ్చే పుస్తకం ప్రతి మీటకీ అర్థం చెబుతుంది. ఏ మీట ముందు నేర్చుకోవాలో, ఏది జన్మలో అక్కర్లేదో చెప్పదు. కొత్తకోడలికి వంటింట్లో ఉన్న 300 వస్తువుల పేర్లూ వరసగా అప్పగించి, "ఇంక చారు కాచెయ్యి" అన్నట్టుంటుంది. ఇంక బజార్లో దొరికే పుస్తకాలు లెన్సుల కొలతల దగ్గర మొదలెట్టి లెన్సుల ధరల దగ్గర ముగిస్తాయి. బొమ్మ తీయించుకునే మనిషి ఊసు వాటిలో ఎక్కడా రాదు. ఎదురుగా ఒకావిడ చేతులు మండుతూ కూచుందన్న ధ్యాసే లేకుండా వెలుతురు గురించి 200 పేజీలు ఎల్లా రాస్తారో నాకర్థం కాదు.

అసలు చూడబోతే నేర్చుకోవలసింది బోలెడేమీ కాదు. మా వైపు వాళ్ళకయితే మరీ తేలిక. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నించీ మేం తూముల మీద బతుకుతున్నవాళ్ళం. చేలోకి ఎంత నీరు రావాలన్నది రెండిటిమీద ఆధారపడి ఉంటుంది: తూము తలుపు ఎంత ఎత్తారు, ఎంతసేపు ఎత్తి ఉంచారు. కెమేరా లోపలికి వెలుతురు రావడమూ అంతే. లెన్సులో ఉన్న కన్నం ఎంత తెరిచాం, షట్టరు ఎంతసేపు తీసి ఉంచాం. ఎక్కువసేపు తీసి ఉంచితే కదిలేవన్నీ అలికేసినట్టు వస్తాయి. కన్నం బాగా పెద్దది చేస్తే ఒక్క మొహం మాత్రం స్పష్టంగా వచ్చి ముందూ వెనకా అన్నీ చెదిరిపోతాయి. ఇంక మూడోది, ఐ.ఎస్.ఓ. అని అంటారు. అది నేల తీరులాంటిది. కొన్ని నేలలు నాలుగు చుక్కలకే తడుస్తాయి. చీకటి గదిలో దాన్ని పెంచుకోవాలి. మరీ పెంచితే బొమ్మనిండా బొంబాయి రవ్వ చల్లినట్టు గరుకు తేలుతుంది. ఇంతే! ఈ మూడూ, ఫోకసూ తెలిస్తే మిగతావన్నీ పెళ్ళిలో బాజాల్లాంటివి, ఉంటే సందడి, లేకపోయినా మూడుముళ్ళూ పడతాయి.

తెలియడం తేలికే. చెయ్యి తనంత తాను వెళ్ళడం ఉందే, అదీ కష్టం.

మా అమ్మ పోపు పెట్టేటప్పుడు పోపులపెట్టె వైపు చూసేది కాదు. వీధిలో ఎవరు వెళుతున్నారో చూస్తూ, మాతో మాట్లాడుతూ, తమ్ముణ్ణి కసురుతూ ఉండేది. చెయ్యి ఆవాల గిన్నెలోకి వెళ్ళేది, అక్కణ్ణించి జీలకర్రలోకి, అక్కణ్ణించి ఇంగువలోకి. ఎంత వేసిందో చెప్పమంటే చెప్పలేదు, "వేసేటప్పుడు తెలుస్తుంది" అనేది. అల్లాగని పుట్టుకతో వచ్చిన విద్యా? ఉప్పు మరిచిపోయి నాయనమ్మ చేత మాట పడ్డ మనిషేగా! ఆ తరవాత పదేళ్ళపాటు సోలతో, గిద్దతో కొలిచిందిట. ఆ పైన కొలవడం మానేసింది. మానేశాకే ఆవకాయ కలుపుతూ కథలు చెప్పగలిగింది.

నేను చేసిన సాధన కూడా అల్లాంటిదే, చెబితే నవ్వుతారు. కరెంటు పోయినప్పుడల్లా కెమేరా ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని చక్రాలు తిప్పేదాన్ని. ఇటు మూడు నొక్కులు, అటు రెండు. మా ఆయన అది చూసి, "జపమాలా ఏవిటి?" అన్నారు. ఏడాదిపాటు ఒకే లెన్సు వాడాను. మేనల్లుడిచ్చిన పెద్ద లెన్సు బీరువాలో చీరల మధ్య పెట్టాను. ఒకే లెన్సు అయితే ఎంత దూరంలో నిలబడితే ఎంత వస్తుందో కాళ్ళకి తెలిసిపోతుంది. ఆన్రీ కార్తియే బ్రెసో అనే ఫ్రెంచి మహానుభావుడు దాదాపు జీవితమంతా ఓ చిన్న లైకా కెమేరా, ఒక మామూలు 50 మిల్లీమీటర్ల లెన్సుతో గడిపేశాడు. పైగా కెమేరా మీద మెరిసే భాగాలకి నల్లటి టేపు చుట్టేశాడు, ఎదుటివాళ్ళ దృష్టి దానిమీద పడకుండా. మనవాళ్ళు కెమేరా కొనగానే చేసే పని దాని పేరు కనపడేట్టు మెళ్ళో వేసుకోవడం!

ఇంకొక్క కిటుకు చెప్పి సాంకేతికం కట్టిపెడతాను, ఎంచేతనంటే ఇది ఆడవాళ్ళకి సంబంధించినది. కెమేరా లోపల వెలుతురు కొలిచే మీటరుకి ఒక పిచ్చి నమ్మకం ఉంది: ప్రపంచమంతా సగటున మధ్యరకం బూడిదరంగు అని. తెల్లచీర కట్టుకున్న నాయనమ్మని చూపిస్తే ఆవిణ్ణి బూడిదరంగులోకి దింపుతుంది. నల్లటి గేదెని చూపిస్తే బూడిదరంగులోకి లేపుతుంది. సున్నం వేసిన తెల్లగోడ ముందు చామనచాయ అమ్మాయిని నిలబెట్టారా, గోడని బూడిద చెయ్యబోయి అమ్మాయిని నల్లబరుస్తుంది. మనమేమో, "దాని రంగే అంత, ఫొటోలో బావుండదు" అంటాం. ఎంతమంది ఆడపిల్లలు పెళ్ళిచూపుల ఫొటోల రోజుల్లో ఆ మాట పడ్డారో! పిల్ల రంగు కాదమ్మా, మీటరు తెలివితక్కువతనం. ఇప్పటి మీటర్లకి తెలివి కొంత పెరిగిందిగాని ఆ బుద్ధి పూర్తిగా పోలేదు. పక్కన 'ఎక్కువ, తక్కువ' అని ఒక చిన్న చక్రం ఉంటుంది. దాన్ని ఎక్కువ వైపు ఒక మెట్టు తిప్పితే చాలు. అమ్మ విషయంలో నేను తిప్పవలసింది అదొక్కటే.

అన్నట్టు, ఈ అన్యాయం మీటరుతో ఆగలేదు. రంగుల ఫొటోలు సరిగా వచ్చాయో లేదో పోల్చుకోవడానికి కోడక్ కంపెనీవారు లేబరేటరీలకి ఒక నమూనా కార్డు పంపేవారు. దానిమీద తెల్లదొరసాని బొమ్మ ఉండేది. 'షర్లీ కార్డు' అనేవారు దాన్ని. ఆవిడ చర్మం రంగు సరిగా వస్తే అంతా సరిగా ఉన్నట్టే లెక్క. రకరకాల ఛాయల స్త్రీలతో కార్డులు వచ్చేసరికి 1990లు వచ్చాయి.

ఇప్పుడు ఎదటి పక్షం సంగతి. చేతకాని నాలాంటివాళ్ళ వల్ల పాడయిన బొమ్మలు సరే, బాగా చేతనయినవాళ్ళ వల్ల పాడయ్యే బొమ్మల మాటేవిటి?

రెండేళ్ళ కిందట సంక్రాంతి వెళ్ళాక మేం నలుగురు ఆడవాళ్ళం కారు మాట్లాడుకుని, ఆకివీడు దాటి కైకలూరు, అక్కణ్ణించి ఆటపాకకి వెళ్ళాం, కొల్లేటి పక్షుల్ని చూడ్డానికి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పళ్ళెంలా ఉన్న సరస్సు అది. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తే ఉప్పుటేరు సముద్రంలోకి తీసుకుపోతుంది. ఆటపాకలో గూడబాతులు వందల సంఖ్యలో గూళ్ళు పెట్టుకుంటాయి. ముక్కు కింద సంచీతో, పెళ్ళివారింటికి వచ్చిన పెద్దమనుషుల్లా దర్జాగా ఉంటాయి. గట్టుమీద ఓ డజనుమంది ఫొటోగ్రాఫర్లు ఫిరంగుల్లాంటి లెన్సులు ముక్కాలి స్టాండ్ల మీద పెట్టుకుని బారులు తీరి ఉన్నారు. అందరి చేతులూ మా అమ్మ పోపులపెట్టె చేతుల్లాగే ఉన్నాయి, చూడకుండానే చక్రాలు తిరుగుతున్నాయి. నాకు అసూయ వేసింది, అబద్ధమెందుకు!

వాళ్ళలో ఒకాయన మర్యాదస్థుడు. తన బొమ్మలు చూపించాడు. గూడబాతు రెక్కలోని ప్రతి ఈకా లెక్కపెట్టుకోవచ్చు. కంటిలో మన నీడ కనిపిస్తుందేమో అన్నంత స్పష్టం. వెనకాల అంతా కరిగించిన వెన్నలా మెత్తగా ఆకుపచ్చ. అద్భుతం అన్నాను. పది బొమ్మలయ్యేసరికి ఏదో వెలితి. ఇరవై అయ్యేసరికి తెలిసింది. అందులో పక్షి ఉంది. కొల్లేరు లేదు.

ఎంచేతనంటే, ఆ పక్షులు కూచున్నది చాలాచోట్ల చెట్ల మీద కాదండీ. చెట్లు చాలక అటవీ శాఖవారు నీళ్ళలో పాతిన ఇనుప స్టాండ్ల మీద. ఇటు చూస్తే గట్టు, ఆ గట్టు అవతల చేపల చెరువు. 1999లో ఈ సరస్సుని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడినేలగా గుర్తించారు, 2006లో చెరువుల గట్లు పగలగొట్టారు. ఆ పగలగొట్టినప్పుడు లంక గ్రామాల్లో ఏడ్చినవాళ్ళున్నారు, సంతోషించినవాళ్ళున్నారు. ఆ కథంతా ఇనుప స్టాండు మీద గూడు పెట్టుకుని కూచున్న ఒక్క పక్షిలో ఉంది. ఆయన ఏం చేశాడంటే, ఇనుము కనపడకుండా ఉండేందుకు నాలుగు గంటలు ఓపిగ్గా కాచుకుని, పక్షి తల ఎత్తినప్పుడు తల మాత్రం తీశాడు. తనకి లెన్సు ఎంత స్వాధీనమో చూపించాడు. నేను 23 బొమ్మల్లో అమ్మని పోగొట్టుకుని కాలెండరు మిగుల్చుకున్నాను. ఆయన పక్షిని మిగుల్చుకుని కొల్లేటిని పోగొట్టుకున్నాడు. నాది చేతకాక. ఆయనది చేతనయి. మా ఇద్దరి కళ్ళూ కెమేరా మీదే ఉన్నాయి.

ఈ మాట ఆయనతో అనలేదులెండి. ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చాడు మరి.

పెళ్ళిళ్ళ సంగతి మీకు నేను చెప్పాలా? పురోహితుడు చెప్పే ముహూర్తం ఒకటి, ఫొటోగ్రాఫరు చెప్పే ముహూర్తం ఇంకొకటి. జీలకర్రా బెల్లం తలమీద పెట్టగానే, "సార్, ఫ్లాష్ పడలేదు, ఇంకోసారి పెట్టండి" అంటాడు. పిల్ల చేతులు వణుకుతూ మళ్ళీ పెడుతుంది. ఆ మొదటిసారి తెరచాటు తీసినప్పుడు పిల్లాడి వైపు చూసిన చూపు ఇంక రెండోసారి వస్తుందా? తలంబ్రాలు నటించి పోస్తారు. ఆల్బంలో ఉండేది పెళ్ళి కాదు, పెళ్ళి రిహార్సలు. ఆ అబ్బాయి దగ్గర ఖరీదయిన కెమేరాలు మూడున్నాయి, పైన తిరిగే డ్రోను ఒకటుంది. ముందే వచ్చి మండపంలో వెలుతురు చూసుకుని అన్నీ సరిచేసి పెట్టుకుంటే ఆ ఒక్క క్షణానికి నొక్కడం తప్ప పని ఉండదు. పప్పు రాత్రి నానబోసుకోకుండా తెల్లారి గారెలు చేస్తానంటే ఎల్లా?

ఇల్లాంటప్పుడల్లా నాకు హోమై వ్యారవాలా గుర్తొస్తుంది. 1913లో నవసారిలో పుట్టిన పార్శీ స్త్రీ, మన దేశంలో పత్రికా ఫొటోగ్రాఫరుగా పనిచేసిన తొలి మహిళ అని పేరు. మొదట్లో ఆవిడ బొమ్మలు భర్త మానెక్‌షా పేరుతో అచ్చయ్యాయి. (ఇది మన పాఠకురాళ్ళకేం వింత కాదు.) ఢిల్లీలో అంతమంది మగ ఫొటోగ్రాఫర్ల మధ్య చీర కట్టుకుని నిలబడి బొమ్మలు తీసింది. ఆవిడ వాడిన కెమేరాల్లో ఒకటి స్పీడ్ గ్రాఫిక్, పేరు గొప్పేగాని బండరాయి లాంటిది. ఒక్కో బొమ్మకి ఒక్కో ఫిల్ము పలక. ఒకసారి వెలిగిన ఫ్లాష్ బల్బు మళ్ళీ పనికిరాదు, వేడిగా ఉండగానే తీసేసి కొత్తది బిగించాలి. 23 బొమ్మలు తీసి అందులో ఒకటి ఏరుకుందాం అనుకోవడానికి వీల్లేదు. అల్లాంటి సరంజామాతో పనిచేసిన మనిషి బొమ్మలు చూడండి, సరంజామా జాడే కనపడదు. నెహ్రూగారి చేతుల్లోంచి తెల్లపావురం లేస్తున్న బొమ్మ ఉంది. ఆయన చేతులు, ఆ రెక్కలు, ఆయన మొహంలో చిన్నపిల్లాడి ఆనందం. నేను ఆ బొమ్మని చాలాసేపు చూశాను. ఏ లెన్సు వాడిందో అన్న ఆలోచనే రాలేదు. ఆటపాక బొమ్మలు చూసేటప్పుడు మాత్రం మొదటి ప్రశ్నే అది. ఆవిడ 1970లో కెమేరా పక్కన పెట్టేసింది. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, 2012లో కన్నుమూసింది.

మన 'మాయాబజార్' (1957)లో పడవ మీద పాట చూసి ఆ వెన్నెల్లో తడవనివాళ్ళెవరు? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే వెన్నెల కానిదాన్ని వెన్నెలగా నమ్మించాడని నాకు ముప్ఫై ఏళ్ళొచ్చాకగాని తెలియలేదు. తెలిశాక మళ్ళీ చూశాను, ఈసారి కిటుకు కనిపెడదామని. రెండు నిమిషాల్లో ఆ సంగతే మరిచిపోయి పడవ వెంబడి పోయాను.

చెయ్యి ఎంత తిరిగినా చాలని చోటు కూడా ఒకటుంది. హైదరాబాదులో ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరు రాజా దీన్‌దయాళ్. రూర్కీలో ఇంజనీరింగు చదువుకున్నవాడు, వెలుతురు లెక్కల్లో ఆయనకి తెలియనిది లేదు. అంతటివాడికీ పరదా స్త్రీల బొమ్మలు తియ్యడానికి వీల్లేకపోయింది. 1892లో ఆయన ఆడవాళ్ళకోసం ప్రత్యేకంగా జెనానా స్టూడియో ఒకటి తెరిచి, మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లీషు ఆవిడ చేతికి అప్పగించాడు. నాకు ఆయన తీసిన రాజభవనాల బొమ్మలకన్నా ఈ పని గొప్పగా కనిపిస్తుంది. కెమేరా వెనక ఎవరుంటే ఎదటి మనిషి పెదాలు బిగించకుండా ఉంటుందో ఆలోచించాడు చూశారా, అది ఏ చక్రం తిప్పితే వస్తుంది?

"ఇదంతా ఎందుకండీ, ఇప్పుడు సెల్‌ఫోనే అన్నీ చూసుకుంటుంది కదా" అని మీరనవచ్చు. నిజమే. ఫోను మన బదులు వెలుతురు చూస్తుంది, ఫోకస్ చూస్తుంది, మొహాలు ఎక్కడున్నాయో కూడా అదే చూస్తుంది. ఆ రోజు నా చేతిలో ఫోను ఉంటే అమ్మ ఫొటో వచ్చి ఉండేది, ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది. ఏమాత్రం తీరిక లేని చోట ఫోనే మేలు, ఆటోలో పెట్టడం పాపమేం కాదు. కాని అది చూసుకుంటుంది కదా అని మనం చూడడం మానేశాం. మొన్న మా బంధువులింట్లో సీమంతానికి 400 ఫొటోలు తీశారు. గాజులు తొడిగించుకుంటూ ఆ పిల్ల తల్లి వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నది ఒక్కదాంట్లోనూ లేదు. పైగా కొన్ని ఫోన్లు అడక్కుండానే మొహం నున్నగా, తెల్లగా చేసి పెడుతున్నాయి. షర్లీ కార్డు పోయిందనుకున్నాం గాని, జేబులోకి వచ్చి కూచుంది.

మా నాన్నగారి కాలంలో మరోలా ఉండేది. ఆయనకో డబ్బా కెమేరా ఉండేది, 120 ఫిల్ము వేస్తే 12 బొమ్మలు. దానిమీద సూర్యుడి బొమ్మ, మబ్బు బొమ్మ, అంతే. సంక్రాంతికి ఒక ఫిల్ము కొని, ఆ పన్నెండూ ఏడాదంతా వచ్చేట్టు వాడేవారు. ఆరడుగులు కొలిచి నిలబడి, సూర్యుడు తన వీపు వైపుండేట్టు చూసుకుని, "ఊఁ" అనేవారు. అంచేత మా చిన్ననాటి ఫొటోల్లో అందరం ఎండకి కళ్ళు చికిలించే ఉంటాం. ప్రతి బొమ్మలోనూ మా కాళ్ళ దగ్గర నేలమీద ఓ నీడ పడి ఉంటుంది, టోపీ పెట్టుకున్నట్టు కనిపించే పంచెకట్టు నీడ. లెక్క ప్రకారం అది తప్పు. ఆ రోజుల్లో నాన్నగారిని తీసేవాళ్ళెవరూ లేరు గనక, మా ఆల్బంలో ఆయన ఉన్నది ఆ నీడలోనే. ఆ నీడ తీరు బట్టి ఆయన ఎంత నిబ్బరంగా నిలబడ్డారో తెలుస్తుంది. కెమేరా వైపు చూడక్కర్లేదు గనక మా వైపే చూస్తూ ఉండేవారు.

ఈ వేసవిలో మళ్ళీ పెంటపాడు వెళ్ళాను. ఇప్పుడు ఆవకాయ బాధ్యత మా తమ్ముడి భార్యది. మామిడికాయలు కొట్టే మనిషి వచ్చి కూచోకముందే నేను వసారాలోకి వెళ్ళి, పీట ఉండే చోట చెంబు పెట్టి, వెలుతురు కొలుచుకుని, పెరటి ఎండకి రెండు మెట్లు పెంచి, ఫోకస్ ఆటోలో ఉందో లేదో మూడుసార్లు చూసుకున్నాను. కాలెండరు తీసి లోపల పెట్టాను. మరదలు కలపడం మొదలెట్టింది. నేను మామూలుగా కబుర్లలో పడ్డాను, అమ్మ ఉప్పు మరిచిపోయిన కథ నేనే చెప్పాను. మధ్యలో ఎప్పుడో కెమేరా పైకి లేచింది, దిగింది. కాసేపటికి మరదలు తలెత్తి, "తీస్తానన్నావు కదా వదినా, ఇంకెప్పుడు తీస్తావు? ఉండు, మొహం కడుక్కొస్తాను" అంది.

"అయిపోయింది" అన్నాను.

ఎనిమిది బొమ్మలు. నా కళ్ళకి రెండు చాలా బాగా వచ్చాయి. మరదలికి ఒక్కటీ నచ్చలేదు. చీర పాతదిట, మొహం జిడ్డుగా ఉందిట, నవ్వితే పన్ను వంకర కనిపిస్తోందిట. వెంటనే తీసెయ్యమంది. సరేనని తల ఊపాను గాని తియ్యలేదు. మీరు మాత్రం చెప్పకండేం.